ఆరు గంటల నాలుగు నిమిషాలకు

"ఇక్కడ సంతకం పెట్టండి" అన్నాడు డిపో మేనేజరు, కాగితాన్ని బల్ల మీదుగా ఆమె వైపు జరిపి.

డ్యూటీ చార్టులు రాసే గుమాస్తా కాబట్టి డ్రైవర్లంతా ఆమెను చార్టమ్మ అంటారు. ఆమె కళ్ళజోడు సవరించుకుని కాగితం చదివింది. నాలుగే వాక్యాలు. సోమవారం ఉదయం మొదటి ట్రిప్పు డ్రైవరు, తాగలేదని తేల్చే ఊపిరి పరీక్షకు ఊదకుండానే బస్సు బయటికి తీశాడు. బస్సు వెళ్ళిన పద్నాలుగు నిమిషాలకు అతని నంబరు మీద వేరెవరో ఊదారు. యంత్రాల రికార్డును పరిశీలించాను. అది సరిగానే ఉంది. కింద ఆమె హోదా, దాని పక్కన ఖాళీ గీత.

"మొదటి ట్రిప్పంటే సైలెన్సర్ కదా సార్" అంది చార్టమ్మ.

"ఎవరైతే ఏం."

సైలెన్సర్ అసలు పేరు చార్టులో తప్ప ఎక్కడా వినపడదు. బస్సు నడుపుతున్నంత సేపూ, దిగాక కూడా, నోరు విప్పని మనిషి కాబట్టి ఎవరో ఆ పేరు పెట్టారు, అది అతికిపోయింది. అతను తాగడం సరే, టీ కొట్టు దగ్గర పది నిమిషాలు నిలబడి కబుర్లు చెప్పడం కూడా ఎవరూ చూడలేదు.

మేనేజరు తన ముందున్న తెరను ఆమె వైపు తిప్పాడు. రెండు నెలల కిందట వచ్చిన కొత్త తెర అది. అంతకు ముందు గేటు దగ్గర వేలిముద్ర మిషను లెక్క వేరు, ఊదే మిషను లెక్క వేరు, బస్సులో ఉండే జీపీఎస్ డబ్బా లెక్క వేరు. ఇప్పుడు మూడూ వచ్చి ఇక్కడ కలుస్తాయి. వేలు పెట్టాక ఊదాలి, ఊదాక బస్సు కదలాలి. వరస కుదిరితే డ్రైవరు పేరు మీద పచ్చగీత, కుదరకపోతే ఎర్రగీత. తెర తెరవగానే ఆ వారం ఎర్రగీతలే కనిపిస్తాయి. పచ్చవి చూడాలంటే ఇంకో రెండు చోట్ల నొక్కాలి. ఆ అవసరం మేనేజరుకు ఇంతవరకు రాలేదు.

"చూడండి. ఐదూ ముప్ఫై ఒకటికి గేటు దగ్గర వేలు పెట్టాడు. ఐదూ యాభైకి బండి కదిలింది. ఊదింది ఆరూ నాలుగుకి. ఆరూ నాలుగుకి ఆయన మూడో స్టాపులో ఉన్నాడు. అక్కణ్ణుంచి మన మిషన్లోకి ఊదాడా?"

చార్టమ్మ తెర వంక చూసింది. ఎర్రగీత చాలా సన్నగా, శుభ్రంగా ఉంది.

"ఊదేటప్పుడు నేను అక్కడే ఉన్నాను సార్."

"ఆయన ఊదడం చూశారా?"

చూశానని నాలుక చివరి దాకా వచ్చింది. సోమవారం వాన. వాన పడితే ఆమె కిటికీ ముందున్న వసారా కారుతుంది, అందుకని ఊదే మిషను పట్టుకుని బస్సులు కడిగే షెడ్డులోకి వెళ్తుంది. ఒక చేతిలో గొడుగు, చంకలో చార్టు, ఇంకో చేతిలో మిషను. డ్రైవర్లు ఒక్కొక్కరే వచ్చి తమ నంబరు నొక్కి ఊదుతారు. సైలెన్సర్ ముందుగా వచ్చాడు. వచ్చాడనే గుర్తు. అయితే అతను రోజూ ముందుగానే వస్తాడు, రోజూ అలాగే తల కొంచెం పక్కకు వంచి ఊదుతాడు. కళ్ళ ముందున్నది సోమవారం నాటి బొమ్మో, శనివారం నాటి బొమ్మో ఆమెకు తేలలేదు.

"చూశాననే అనుకుంటున్నాను సార్."

"అనుకోవడం వేరండీ." మేనేజరు గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "చార్టులో టిక్కు పెట్టారా?"

పెట్టింది. కానీ తడి కాగితం మీద పెన్ను సాగలేదు. గదిలోకి వచ్చి తల తుడుచుకున్నాక పైనుంచి కిందికి టిక్కులన్నీ ఒక్కసారే పెట్టింది. ఆ మాట చెప్పింది.

"అదీ సంగతి. మీ టిక్కు పనికిరాదు. మిషనుకి ఆయన మీద పగేం లేదుగా." కాగితాన్ని మడిచి ఆమె చేతిలో పెట్టాడు. "పైనుంచి అడుగుతున్నారు. రేపు సాయంత్రంలోగా ఇవ్వండి."

బయట బెంచీ మీద సైలెన్సర్ కూర్చుని ఉన్నాడు. ఖాకీ చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకున్నాడు. బస్సు తాళం లేని చేతులు ఏం చెయ్యాలో తెలియనట్టు మోకాళ్ళ మీద బోర్లించి ఉన్నాయి. ఆమెను చూసి లేచాడు.

"ఊదానమ్మా" అన్నాడు. "మీ ఎదురుగానే."

ఆమె తల ఊపింది. అది అవునన్న ఊపో, విన్నానన్న ఊపో ఆమెకే తెలియదు. అతను ఇంకేదైనా అంటాడేమోనని నిలబడింది. అతను మళ్ళీ కూర్చున్నాడు.

కిటికీ దగ్గర పని సాగలేదు. రేపటి చార్టులో మొదటి ట్రిప్పు ఎదురుగా ఎవరి నంబరు వెయ్యాలో ఆలోచిస్తూ అరగంట గడిపింది. షెడ్డూ వసారా ఊడ్చే ఆవిడ చీపురు గోడకు ఆనించి కిటికీలోంచి తొంగి చూసింది.

"ఏంటక్కా, సైలెన్సర్ తాగాడంటగా."

"తాగాడని ఎవరన్నారు? ఊదలేదంటున్నారు."

"తాగకపోతే ఊదడానికేం?" అని ఆవిడ ఆశ్చర్యపోయి, మళ్ళీ తనే, "ఏమోలే, లోపల ఏముందో ఎవరికి తెలుసు, మాట్లాడడు కదా మనిషి" అంది.

పొద్దున్న పదింటికి అది "ఊదలేదు". మధ్యాహ్నానికి "తాగాడు" అయింది. డ్యూటీ దిగి వచ్చే డ్రైవర్లు బెంచీ వైపు చూడకుండా పక్క దారిన పోతున్నారు. నిన్నటి దాకా అతనికి తాళాలు అందించినవాళ్ళే.

ఇంటికి చేరేసరికి భర్త టీవీ ముందు మూడు రిమోట్లు వరసగా పెట్టుకుని కూర్చున్నాడు. అతను బడిలో లెక్కల మేష్టరు. కూతురు తన మొదటి జీతంతో కొన్న స్పీకరును టీవీకి కలపాలని వారం నుంచి తంటాలు పడుతున్నాడు.

"దీని కంపెనీ వేరు, దాని కంపెనీ వేరు. పెళ్ళిచూపుల్లో కూర్చోబెట్టినట్టు ఎదురెదురుగా పెట్టా. ఒకదాన్నొకటి చూస్తాయి, పలకరించుకోవు" అన్నాడు. ఆఖరికి ఏదో నొక్కితే స్పీకరు పలికింది. "అదిగో, పలికింది. చూడు, చూడు."

చార్టమ్మ చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడింది. తెర మీద వార్తలు చదివే అమ్మాయి పెదాలు కదిలి ఆగిపోయాయి. మాట ఆ తర్వాత వచ్చింది. మళ్ళీ పెదాలు, వెనకాల మాట.

"ఇదేంటి, ఎవరో వెనక నుంచి చెబుతున్నట్టుంది."

"అమ్మాయి టైముకే మాట్లాడుతోంది. స్పీకరు దాకా చేరేసరికి ఆలస్యమవుతోంది" అన్నాడు భర్త. "పోన్లే, వార్తలేగా, వెనకైతే ఏం, ముందైతే ఏం."

ఆమె అతనికి కాగితం చూపించింది. అతను రెండుసార్లు చదివాడు.

"నువ్వు చూశావా లేదా?"

"అదే తెలీట్లేదు. చూశాననుకుంటే ఆ తెర గుర్తొస్తోంది. అంత పక్కాగా ఆరూ నాలుగు అని ఉంటే, మరి నేను చూసిందేంటి? తడిసిపోయి, హడావిడిలో ఉన్నా. ఒకవేళ అతను ఊదకుండానే తాళం తీసుకెళ్ళాడేమో. నా కళ్ళు అలవాటు మీద చూసేశాయేమో."

"ఊదేటప్పుడు అది కూత పెడుతుందిగా?"

"పెడుతుంది. ఆ రోజు పన్నెండు కూతలు విన్నానో, పదకొండే విన్నానో ఎవడు లెక్కపెట్టాడు."

భర్త కాగితం తిరిగి ఇచ్చాడు. "ఆ తెర మీద మిగతా వాళ్ళవి చూశావా?"

"వాళ్ళవి పచ్చగీతలు."

"పచ్చగా ఉన్నాయని చూడలేదా?"

ఆ రాత్రి ఆమె త్వరగానే పడుకుంది. కానీ కళ్ళు మూస్తే తల పక్కకు వంచి ఊదే మనిషే కనిపించాడు, ఏ రోజువాడో తెలియకుండా.

మర్నాడు మేనేజరు ఇంకా రాకముందే అతని గదిలోకి వెళ్ళింది. తెర తెరవడానికి ఆమెకూ అనుమతి ఉంది, ఎప్పుడూ వాడలేదు. ఎర్రగీత మీద నొక్కింది. వెనక్కి వచ్చింది. ఇంకోచోట నొక్కితే ఏవో గుండ్రని బొమ్మలు వచ్చాయి. ఊడ్చే ఆవిడ బకెట్టుతో లోపలికి వచ్చి, "అది పాడైతే నీ మీదకొస్తుందక్కా" అని హెచ్చరించి తడిగుడ్డ వేసుకుంటూ పోయింది. నాలుగో ప్రయత్నానికి సోమవారం జాబితా మొత్తం తెరుచుకుంది.

పన్నెండు మంది డ్రైవర్లు. వేలిముద్రలు ఐదూ ముప్ఫై ఒకటి నుంచి ఐదూ యాభై ఐదు దాకా తలా ఒక టైముకు ఉన్నాయి. ఊదిన టైము ఉన్న వరస చూసి ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

ఆరూ నాలుగు. ఆరూ నాలుగు. ఆరూ నాలుగు. పైనుంచి కింది దాకా పన్నెండు మందీ ఆరు గంటల నాలుగు నిమిషాలకు ఊదారు.

మిషను ఒక్కటే. ఒకరు ఊది, గొట్టం మార్చి, ఇంకొకరు నంబరు నొక్కి ఊదడానికి నిమిషం పైనే పడుతుంది. పన్నెండు మంది ఒకే నిమిషంలో ఎలా ఊదుతారు? మొదట ఆమెకు తన మీదే అనుమానం వచ్చింది, తప్పు చోట చూస్తున్నానేమోనని. శనివారం జాబితా తెరిచింది. శనివారం వాన లేదు. ఐదూ ముప్ఫై ఆరు, ఐదూ ముప్ఫై ఎనిమిది, ఐదూ నలభై. అందరూ మనుషుల్లాగే ఊదారు.

అర్థం కాలేదు. ఒకే మిషను, శనివారం సరిగ్గా ఉంది, సోమవారం పిచ్చెక్కింది. పాడైందనుకుంటే నిన్న, ఇవాళ మళ్ళీ బాగానే ఉంది.

ఊదే మిషను తీసుకుని తన కిటికీ దగ్గర నిలబడి తన నంబరు నొక్కి ఊదింది. కూత పెట్టింది. చేతి గడియారంలో ఏడూ పది. పరుగున వెళ్ళి తెర చూసింది. ఏడూ పది. అప్పుడు మిషను పట్టుకుని షెడ్డులోకి నడిచింది. కడిగిన బస్సుల కింద నీళ్ళు పారుతున్నాయి. సోమవారం నిలబడ్డ స్తంభం దగ్గరే నిలబడి ఏడూ పదహారుకు మళ్ళీ ఊదింది. ఊడ్చే ఆవిడ నోరు తెరుచుకుని చూస్తోంది.

"నువ్వెందుకూదుతున్నావక్కా?"

"నువ్వు కూడా రా. ఏదో ఒక నంబరు నొక్కి ఊదు."

"అమ్మో, నేనేం తాగలేదు."

"తెలుసులే. ఊదు."

ఆవిడ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, తర్వాత తీసి, బుగ్గలు పూరించి ఊదింది. ఏడూ పద్దెనిమిది. ఇద్దరూ అక్కడే పావుగంట నిలబడ్డారు. ఎందుకు నిలబెట్టిందో చార్టమ్మకే సరిగా తెలియదు. సోమవారం ఎంతసేపు ఉందో అంతసేపు ఉందామనుకుంది, అంతే. మిషను పట్టుకుని గదిలోకి అడుగుపెట్టగానే దాని పక్కన చిన్న దీపం రెండుసార్లు మిణుక్కుమంది. సోమవారం కూడా మిణుక్కుమనే ఉంటుంది, తల తుడుచుకుంటూ చూసి ఉండదు.

తెర మీద ఆమె రెండో ఊపిరీ, ఊడ్చే ఆవిడ ఊపిరీ పక్కపక్కనే ఉన్నాయి. రెండిటికీ ఏడూ ముప్ఫై నాలుగు.

"అదేంటి, అప్పుడు మనం ఇక్కడికి నడిచొస్తున్నాంగా" అంది ఊడ్చే ఆవిడ.

ఊదే మిషను కింద ఒక ఫోను నంబరు అంటించి ఉంది. తెర మూలలో ఇంకో కంపెనీ నంబరు ఉంది. చార్టమ్మ మొదటిదానికి చేసింది. అటు ఓ పెద్దమనిషి ఓపికగా విన్నాడు.

"మా మిషన్లో తప్పేం లేదు మేడం. షెడ్డులో నెట్ అందదు, అందనప్పుడు లోపలే దాచుకుంటుంది. నెట్ దొరగ్గానే అన్నీ ఒకేసారి పంపిస్తుంది. ఊదిన టైము కూడా రాసే పంపిస్తుంది. అది తెర కంపెనీ వాళ్ళనడగండి."

రెండోదానికి చేస్తే ఓ అమ్మాయి మాట్లాడింది. "మా తెర కరెక్టే మేడం. మాకు ఏది అందితే అది చూపిస్తాం. మిషను వాళ్ళనడగండి."

మళ్ళీ మొదటాయన. మళ్ళీ అమ్మాయి. మూడో విడతకు ఆమెకు తల తిరిగింది. ఇద్దరి మాటా విడివిడిగా వింటే సబబుగానే ఉంది. కలిపితే ఎక్కడా పొసగడం లేదు. చివరికి, కూతురితో, ఆడపడుచుతో ఒకేసారి మాట్లాడేటప్పుడు చేసినట్టే, ఇద్దర్నీ ఒకే ఫోనులోకి కలిపింది.

"చూడండి, నాకు మీ సంగతులేవీ అర్థం కావు. ఒక్కటే అడుగుతా. ఉత్తరం రాసిన తేదీ ఒకటి ఉంటుంది, పోస్టాఫీసులో ముద్ర పడిన తేదీ ఒకటి ఉంటుంది. మీ తెర మీద వేసేది ఏ తేదీ?"

అటు కీబోర్డు టకటకలు వినిపించాయి.

"ముద్ర తేదీ మేడం" అంది అమ్మాయి నెమ్మదిగా. "వాళ్ళు రాసిన టైము మాకొస్తుంది కానీ, వాళ్ళు రాసే పద్ధతి వేరు. మా సాఫ్ట్‌వేరు దాన్ని చదవలేదు. చదవలేనప్పుడు, మాకు చేరిన టైమే వేసుకుంటుంది."

"చదవలేదని మాకెవరూ చెప్పలేదే" అన్నాడు మిషనాయన.

"మాన్యువల్లో ఉంది సార్, నలభై ఏడో పేజీలో."

"మీరిద్దరూ ఇంతకు ముందు ఎప్పుడైనా మాట్లాడుకున్నారా?" అని అడిగింది చార్టమ్మ.

"లేదు మేడం" అన్నారు ఇద్దరూ దాదాపు ఒకేసారి.

"ఇప్పుడు చెప్పిందే రాసి పంపండి. ఇద్దరూ."

మేనేజరు ఆ రెండు మెయిళ్ళూ, పన్నెండు ఆరూ నాలుగులూ చూసి చాలాసేపు గడ్డం రుద్దుకున్నాడు. "మరి మిగతా పదకొండు మందికి ఎర్రగీత ఎందుకు పడలేదు?"

"వాళ్ళ బండ్లు ఆరూ పది తర్వాత కదులుతాయి సార్. మిషను అప్పటికే లోపలికి వచ్చేసింది. నేనింకా షెడ్డులో ఉండగా వెళ్ళిపోయేది మొదటి ట్రిప్పు ఒక్కటే."

"అయితే వాన పడ్డప్పుడల్లా..."

"మొదటి ట్రిప్పు ఎవరు తీస్తే వాళ్ళకి పడుతుంది."

మేనేజరు కాగితాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని నాలుగు ముక్కలుగా చింపి బుట్టలో వేశాడు. చెడ్డవాడేం కాదు. తనే లేచి బయటికెళ్ళి బెంచీ మీది మనిషితో, "పొరపాటైంది. రేపట్నుంచి రా" అన్నాడు. సైలెన్సర్ తల ఊపాడు. మేనేజరు లోపలికి వెళ్ళాక చార్టమ్మ కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"మీరు చూశారు కదమ్మా" అన్నాడు.

అబద్ధం చెప్పడం చాలా తేలిక, ఇప్పుడు దానివల్ల నష్టం కూడా లేదు.

"తెర తప్పని తేలింది, అన్నా. నేను చూశానో లేదో మాత్రం నాకింకా తేలలేదు."

అతను ఆమె ముఖం వంక కాసేపు చూశాడు. "సరే" అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం మూడింటికి, మేనేజరు తరఫున పైవాళ్ళకు పంపాల్సిన ఉత్తరం రాస్తూ ఆమె, లెక్క కోసం తెర మీద ఇంతవరకు పడ్డ ఎర్రగీతలన్నీ వెతికింది. రెండే వచ్చాయి. ఒకటి సోమవారం నాటిది. రెండోది నెలా ఐదు రోజుల కిందటిది. అదీ మొదటి ట్రిప్పే.

ఆ తేదీ మీద నొక్కింది. పద్నాలుగు మంది డ్రైవర్లు. అందరూ ఐదూ యాభై ఎనిమిదికి ఊదారు.

అప్పటిదాకా మొదటి ట్రిప్పు తీసినవాణ్ణి పాటలాయన అనేవాళ్ళు. స్టీరింగు పట్టుకుంటే చాలు, ఏదో ఒక పాట కూనిరాగం తీసేవాడు. ముందు సీట్ల కోసం ఆడపిల్లలు పోటీపడేవాళ్ళు. ఒకప్పుడు బాగా తాగేవాడు. వైద్యం చేయించుకుని పదకొండు నెలలుగా మానేశాడని అందరికీ తెలుసు. ఎర్రగీత పడ్డ రోజు డిపో అంతా "మళ్ళీ మొదలెట్టాడు" అంది. చార్టమ్మ కూడా అంది. మేనేజరు కాగితం తెచ్చినప్పుడు ఆమె మర్నాటి సెలవుల లెక్క చూసుకుంటోంది. ఎక్కడ పెట్టాలని అడిగి, వేలు చూపించిన చోట పెట్టేసింది. చదివిన గుర్తు కూడా లేదు. ఆ వారమే అతన్ని పనిలోంచి తీసేశారు. తెర మీద ఆ కాగితం నకలు ఉంది. ఆమె సంతకం గుండ్రంగా, తీరుబడిగా ఉంది.

మేనేజరు విని కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆ కేసు మూసేశారండీ. అతనే రాసిచ్చాడు కదా."

"ఏం రాశాడు?"

తీసి చూపించాడు. పెద్ద పెద్ద అక్షరాలతో రెండు వాక్యాలు. ఆ రోజు ఏం జరిగిందో నాకు సరిగా గుర్తు లేదు. క్షమించవలసింది.

"గుర్తు లేదనడం ఒప్పుకోవడం కాదు సార్. నాకూ గుర్తు లేదు."

"మీ సంగతి వేరు. అతని చరిత్ర అలాంటిది."

"ఎర్రగీతకి చరిత్ర తెలీదు సార్. వాన పడ్డ రోజే పడింది."

మేనేజరు చాలాసేపు పేపరువెయిటు తిప్పాడు. "రెండోది కూడా చేరిస్తే, నెల రోజులు ఏం చేశారని మనల్నడుగుతారు. మిమ్మల్ని, నన్ను."

"అడగనివ్వండి" అంది. ఉత్తరంలో రెండో పేరు తనే టైపు చేసి, అతని ముందు పెట్టింది. అతను చదివి, ఒక కామా మార్చి, సంతకం చేశాడు.

పాటలాయన ఇల్లు బస్టాండుకు అవతల, సైకిళ్ళు బాగుచేసే కొట్టు వెనక రెండు గదులు. మర్నాడు డ్యూటీ దిగి ఆమె అక్కడికి వెళ్ళింది. తలుపు తీసే ఉంది. అతని భార్య కుట్టుమిషను ముందు కూర్చుని స్కూలు బ్యాగులకు జిప్పులు కుడుతోంది. అతను నేల మీద కూర్చుని, కుట్టిన పట్టీలను ఒక పుల్లతో లోపలి నుంచి బయటికి తిప్పుతున్నాడు. తిప్పినవి ఒక పక్క, తిప్పాల్సినవి ఇంకో పక్క. పాట లేదు. ఆమెను చూసి కంగారుగా లేచాడు, ఒళ్ళో పట్టీలు జారిపోయాయి.

"మేడం, మీరా."

కుర్చీ తుడిచి వేశాడు. ఆమె కూర్చోలేదు. వాన, షెడ్డు, ఐదూ యాభై ఎనిమిది, పద్నాలుగు మంది, దారిలో అనుకున్న వరసలో కాకుండా కలగాపులగంగా చెప్పింది. అతను శ్రద్ధగా విన్నాడు. విన్నాక అతని ముఖంలో సంతోషం కనిపిస్తుందనుకుంది. కనిపించలేదు.

"అయితే నేను ఊదానా?" అన్నాడు.

"ఊదారు. మీ నంబరు మీద ఊపిరి ఉంది. టైము ఒక్కటే తప్పు. తాగలేదని కూడా అందులోనే ఉంది, సున్నా అని."

"నాకు ఊదినట్టే గుర్తు మేడం. మొదటి రెండు రోజులు అదే చెప్పా. తర్వాత మీరు సంతకం పెట్టారని డిపోలో చెప్పారు. మీరు ఎదురుగా ఉన్న మనిషి. మీరే లేదన్నారంటే, నేను ఊది ఉండననుకున్నా." చేతిలో పుల్లను అటూ ఇటూ తిప్పాడు. "తాగే రోజుల్లో కూడా అంతే, నాకు గుర్తున్నది ఒకటి ఉండేది, జరిగింది ఇంకోటి ఉండేది. ఇదీ అలాంటిదేననుకున్నా. ఆ రోజు తాగానేమో కూడా అనుకున్నా."

కుట్టుమిషను ఆగింది. భార్య తల ఎత్తలేదు.

"ఆ రోజు పొద్దున్న నేనే ఈయన నోరు వాసన చూసి పంపా" అంది. "రోజూ చూసే పంపేదాన్ని. ఏ వాసనా రాలేదు. తర్వాత మీ కాగితం సంగతి తెలిసి, నా ముక్కే చచ్చిందనుకున్నా. మా అన్నయ్య వచ్చి, ఈయన్ని అందరి మధ్యలో నిలబెట్టి ఎక్కడ తాగావో చెప్పమన్నాడు. ఈయన ఓ కొట్టు పేరు చెప్పాడు. ఎప్పటిదో పాత కొట్టు. అది మూసేసి రెండేళ్ళయింది."

బయట కొట్టులో ఎవరో సైకిలు చక్రం తిప్పి, వంకర చూస్తున్నారు. చక్రం చాలాసేపు తిరిగింది.

"ఎల్లుండి డిపోకి రండి. మళ్ళీ పనిలోకి తీసుకుంటున్నట్టు ఆర్డరు వచ్చేస్తుంది" అంది చార్టమ్మ.

"వస్తా" అన్నాడతను. ఆ మాట కూడా నమ్మకం లేనట్టే అన్నాడు.

"ఆర్డరు తర్వాత సంగతి" అంది భార్య. "ఇప్పుడు చెప్పింది ఓ కాగితం మీద రాసివ్వండి. మా అన్నయ్యకి చూపించాలి. నేను చెబితే, మొగుణ్ణి వెనకేసుకొస్తున్నాననుకుంటాడు."

చార్టమ్మ అప్పుడు కూర్చుంది. అతను ఇంట్లో వెతికి, బ్యాగుల లెక్క రాసుకునే నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి తెచ్చాడు. రాయడానికి అట్టగా ఒక కొత్త స్కూలు బ్యాగు ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె పెన్ను తీసి, కంపెనీలనూ తెరనూ ఎలా వివరించాలో తెలియక కాసేపు ఆగింది. తర్వాత అవన్నీ వదిలేసి మొదటి వాక్యం రాసింది. ఆ రోజు ఈయన ఊదలేదని ఉన్న కాగితం మీద, నేను చదవకుండా, ఏదీ చూడకుండా సంతకం పెట్టాను.

భుజం మీదుగా చదువుతున్న పాటలాయన గొంతు తగ్గించాడు. "చూడకుండా అని రాయకండి మేడం. మీ ఉద్యోగానికి ఇబ్బంది. ఆ ముక్క కొట్టేయండి."

భార్య మళ్ళీ మిషను మొదలుపెట్టింది. జిప్పు చివరి దాకా కుట్టి, దారం పళ్ళతో తెంపి, అప్పుడు అంది.

"ఉండనీ."